ముందు బ్రేకు

జూన్ 9, ఆదివారం

బావ సైకిల్ సర్వీసు. పొద్దున్నే మేడ మీదికి మోసుకొచ్చి తల్లకిందులుగా నిలబెట్టాను. చైను విప్పి కిరసనాయిల్లో నానబెట్టాను. ఈయన చైను ఎప్పుడు కడిగినా గిన్నె నిండా నల్లటి బురదే. వెనక చక్రంలో రెండు పుల్లలు వదులయ్యాయి. బిగించి బెండు తీశాను. వెనక బ్రేకు రబ్బర్లు అరిగాయి, ఇంకో నెల లాగుతాయి. ముందు బ్రేకు కేబుల్ పోగులు లేచి తెగడానికి సిద్ధంగా ఉంది. కొత్తది వేశాను. దాని కొస లాగిపట్టి, నట్టు కింద దూర్చి, చేత్తో తిప్పుతుండగా కింద నుంచి అక్క కేకేసింది. బీరువా జరపాలట, ఒక్కదానివల్ల కావట్లేదట. వెళ్ళాను. బీరువా వెనకాల ఎన్నేళ్ళ కిందటో పోయిన దువ్వెన, బావ కొలతల టేపు, పెళ్ళయిన కొత్తలో అక్క పారేసుకున్న కమ్మ దొరికాయి. ఆ కమ్మ కోసం అప్పట్లో నామీద కూడా అనుమానపడిందని గుర్తుచేస్తే పడీపడీ నవ్వింది. నేల మీదే కూర్చుని ఇద్దరం టీ తాగాం.

పైకి వచ్చేసరికి మబ్బు పట్టింది. గబగబా చైను వేసి, నూనె చుక్కలు పోసి, సీటు తుడిచి కిందికి దించేశాను.

బావ సైకిల్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, "ఏమే పానా, దీన్ని పెళ్ళికొడుకుని చేసేశావే!" అన్నాడు. నాకు పానా అని పేరు పెట్టింది ఆయనే. నాకు పదహారేళ్ళప్పుడు, వాళ్ళ పెళ్ళయిన వారానికి, ఆయన సైకిల్ పెడల్ నేను సరిచేసి ఇచ్చిన రోజున పెట్టాడు. పాతికేళ్ళయింది, ఆ పేరు పోలేదు.

జూన్ 10, సోమవారం

బావకి దెబ్బలు తగిలాయి. ఆసుపత్రిలో ఉన్నాం.

జూన్ 11, మంగళవారం

కుడిచేతి మణికట్టులో రెండు ఎముకలు విరిగాయి. మెడ కింది ఎముక చిట్లింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు.

నిన్న పొద్దున సన్నగా వాన పడుతోంది. దుకాణానికి బయల్దేరాడు. పల్లం దిగితే లాండ్రీ గేటు వస్తుంది. అక్కణ్ణుంచి దుప్పట్ల వ్యాను బయటికి వస్తోందట. బావ వెళ్ళి దాని పక్క తలుపుకి గుద్దుకున్నాడు. చూసినవాళ్ళందరూ డ్రైవర్‌దే తప్పంటున్నారు. హారన్ కొట్టలేదట, రోడ్డు చూసుకోలేదట. అసలు చూసినవాళ్ళు ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు.

అక్క పోలీస్‌స్టేషన్‌కి వెళ్ళి అదే చెప్పి వచ్చింది. వాళ్ళు బావని కూడా అడిగారు. "గుర్తులేదండీ. వాన, వ్యాను, అంతే" అన్నాడు.

ఆయన టైలరింగ్ దుకాణంలో కటింగ్ మాస్టర్. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యే కత్తెర పట్టింది. ఆ మాట గదిలో ఎవరం ఎత్తలేదు.

జూన్ 13, గురువారం

మధ్యాహ్నం సెలవు పెట్టి, లాండ్రీ వాచ్‌మన్ గదిలో పెట్టిన సైకిల్ తెచ్చుకున్నాను. ముందు చక్రం ఎనిమిది అంకెలా తిరిగింది. ముందు భాగం ఎత్తిపట్టుకుని, వెనక చక్రం మీద నడిపించుకుంటూ వచ్చాను. మేడ మీద తలుపు వేసుకుని చూశాను.

చక్రం: మార్చాలి. ఫోర్కు: లోపలికి వంగింది. హ్యాండిల్: సరిచేయొచ్చు. మడ్‌గార్డు: పనికిరాదు. ముందు బ్రేకు: కేబుల్ నట్టు కింద నుంచి జారి వేలాడుతోంది. నట్టు వేలితో తిరిగింది. బిగించాను.

వదులుగా ఉన్న నట్టు కనబడితే బిగించడం నాకు అలవాటు.

జూన్ 14, శుక్రవారం

దెబ్బకే వదులైంది. ఫోర్కే వంగిపోయినప్పుడు నట్టొక లెక్కా.

జూన్ 16, ఆదివారం

బావని ఇంటికి తెచ్చాం. చెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టులో ఉంది. వేళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి, ఉబ్బి ఉన్నాయి. వాటికి రోజూ నూనె రాసి నిమరమన్నారు. అక్కకి వణుకొస్తోందని నేను రాశాను.

"నీ బ్రేకులుండబట్టి బతికాను పానా. లేకపోతే ఆ వ్యాను కింద నన్ను కూడా ఉతికి ఆరేసేవాళ్ళు" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన మాత్రం ఫ్యాను వంక చూస్తూ అన్నాడు ఆ మాట.

"ఆ డ్రైవర్ నాశనమైపోను. వాడి కళ్ళలో ఏం పెట్టుకున్నాడో" అంది అక్క. నాకు అక్క నోట శాపనార్థాలు వినడం ఇదే మొదలు. చీమని కూడా ఊది పక్కకి తోసే మనిషి.

జూన్ 17, సోమవారం

అక్క పిలవక ముందే బిగించాను. నాకు బాగా గుర్తుంది. పానా గచ్చు మీద పెట్టిన చప్పుడు కూడా గుర్తుంది. ఆ తర్వాతే కిందికి వెళ్ళాను.

జూన్ 19, బుధవారం

సాయంత్రం డ్రైవర్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, పొడుగాటి మనిషి, ఇంత పొడుగున్నందుకు క్షమించమన్నట్టు వంగి నిలబడతాడు. అక్క లోపలికి రానివ్వలేదు. నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

"ఆయనకెలా ఉందండీ?"

"పర్వాలేదు."

"నేను గేట్లో ఆపానండీ. పూర్తిగా ఆపాను. ఆయనే వేగంగా వచ్చి..." అని ఆగి, "అలాగే గుర్తుందండీ నాకు. కానీ మా ఓనరు గారూ అందరూ నువ్వు కదులుతూనే ఉన్నావంటున్నారు. బండి తాళాలు తీసేసుకున్నారు. పదకొండేళ్ళుగా నడుపుతున్నానండీ, ఒక్క గీత పడలేదు దానిమీద" అన్నాడు.

నేనేమన్నానంటే, వానలో తడుస్తున్నారు, వెళ్ళండి అన్నాను.

లోపలికి రాగానే అక్క, "ఏమంటాడు దొంగవెధవ?" అని అడిగింది. తేలు కుట్టిన దొంగలా నేను, "ఏం లేదు, ఎలా ఉందని అడిగాడు" అన్నాను. బావ కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు.

జూన్ 21, శుక్రవారం

దుకాణంలో ఇవాళ ఒక అద్దం పగిలింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పద్దెనిమిదేళ్ళుగా నా పనే స్క్రూలు బిగించడం. నువ్వుగింజంత స్క్రూ, దాన్ని ఎక్కడ ఆపాలో వేళ్ళకే తెలుస్తుంది. ఈ వారం నాకు ఆపడం తెలియట్లేదు. బిగించాక మళ్ళీ బిగిస్తున్నాను. మళ్ళీ చూస్తున్నాను. ఫ్రేము నొక్కుకుపోయి అద్దం టప్‌మని చిట్లింది. షాపాయన తిట్టలేదు. "ఇంట్లో పేషెంటుంటే అంతేలేమ్మా" అన్నాడు.

ఇంట్లో అక్క సైకిల్, నా సైకిల్ కూడా మొన్న పూర్తిగా విప్పి మళ్ళీ బిగించాను. వాటికేమీ కాలేదు. అయినా.

జూన్ 22, శనివారం

ఆ వ్యాను డ్రైవర్ మా దుకాణానికి వచ్చాడు.

నేనిక్కడ పనిచేస్తానని తెలియక వచ్చాడు. నన్ను చూసి వెనక్కి తిరగబోయి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "చూపు పరీక్ష చేయించుకోవాలండీ" అన్నాడు. ఓనరు అడిగాడట, కళ్ళు బాగున్నట్టు కాగితం తెస్తే ఆలోచిస్తానన్నాడట. ఆ మాట చెప్పాక గొంతు తగ్గించి, "ఆయన అడిగారని కాదు. నాకే అనుమానం వచ్చింది. ఆగానని నాకు గుర్తుంది, ఆగలేదని అందరూ అంటున్నారు. ఇంతమంది అబద్ధం చెబుతారా? అంటే నా కళ్ళకే ఏదో అయి ఉండాలి" అన్నాడు.

పరీక్ష చేసేది షాపాయన. అక్షరాల బోర్డు దగ్గర పుల్ల పట్టుకుని నిలబడేది నేను. పెద్ద అక్షరం నుంచి మొదలుపెట్టి అట్టడుగు వరస దాకా చూపించాను. అన్నీ చదివాడు. కుడికన్ను మూసి చదివాడు, ఎడమకన్ను మూసి చదివాడు. ఎక్కడా తడుముకోలేదు. బోర్డు కింద అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదివి చూపించాడు, అడక్కుండానే.

"నీ కళ్ళు గద్ద కళ్ళయ్యా" అన్నాడు షాపాయన.

కాగితం మీద ముద్ర వేసి చేతికిచ్చింది నేనే. అతను దాన్ని చాలాసేపు చూస్తూ ఉన్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. అతని మొహం పాలిపోయింది.

జూన్ 23, ఆదివారం

తొమ్మిదో తేదీ పేజీ తీశాను. అక్క పిలవక ముందే బిగించానని రాసుకుని ఉంటాను, చూసుకుంటే మనసు తేలికపడుతుందని తీశాను.

"చేత్తో తిప్పుతుండగా."

నా చేతిరాతే. పానా మాట ఎక్కడా లేదు. చప్పుడు మాట ఎక్కడా లేదు. చైను, నూనె, సీటు. అంతే రాశాను, అంతే చేశాను కాబట్టి.

నట్టు చేత్తో తిప్పి వదిలేస్తే, లివర్ మెల్లగా నొక్కినంతసేపు పట్టినట్టే ఉంటుంది. గట్టిగా లాగిన మొదటిసారి కేబుల్ జారిపోతుంది. వానలో పల్లం మీద వ్యాను కనబడితే ఎవరైనా గట్టిగానే లాగుతారు. దెబ్బ తగిలి ఏ నట్టూ వదులు కాదు. ఇది నాకు పన్నెండేళ్ళప్పటి నుంచి తెలుసు.

పదమూడో తేదీన దాన్ని బిగించేశాను కూడా.

జూన్ 24, సోమవారం

రేపు చెప్పాలి.

జూన్ 25, మంగళవారం

అక్క తలదువ్వుకుంటూ ఉంది. తర్వాత చెబుదామనుకున్నాను.

జూన్ 26, బుధవారం

చెప్పలేదు.

జూన్ 27, గురువారం

పొద్దున కట్టు మార్పించడానికి తీసుకెళ్ళాం. డాక్టరు బొటనవేలు చూపుడువేలికి ఆనించమంది. బావ మొహంలో నరాలన్నీ లేచాయి గానీ వేలు లేవలేదు. నరం దెబ్బతిందట. కొంత వస్తుంది, పూర్వపు పట్టు మాత్రం రాదు అంది. బావ ఆమెకి దణ్ణం పెట్టబోయి, చెయ్యి లేవక, తలాడించాడు.

ఇంటికొచ్చాక అక్క మందుల కోసం వెళ్ళింది. బావ కత్తెర తెప్పించుకుని, ఎడమచేత్తో పాత పేపరు కత్తిరిస్తూ కూర్చున్నాడు. పేపరు తెగడం లేదు, నమిలినట్టు ముడుచుకుపోతోంది.

"కుడిచేతి కత్తెర ఎడమచేతికి లొంగదే. మొగుడి మాట తప్ప ఇంకెవరి మాటా వినని పెళ్ళాంలాగా. అలాంటి పెళ్ళాన్ని కూడా నేను చూడలేదనుకో" అన్నాడు.

నేను నవ్వలేదు. "బావా, ముందు బ్రేకు నట్టు నేను బిగించలేదు" అన్నాను.

కత్తెర ఆగలేదు. పేపరు ఇంకాస్త నమిలి, "తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మొదట్నుంచీ. లివర్ నొక్కితే వచ్చి గ్రిప్పుకి తగిలింది. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది."

"మరి వ్యాను?"

కత్తెర కింద పెట్టి చెప్పాడు. "ఆగే ఉంది. అతను నన్ను చూసి ఆపేశాడు. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాడు, వెళ్ళమని. వెనక బ్రేకొక్కటే పట్టేసరికి తడిలో జారి నేనే వెళ్ళి గుద్దుకున్నాను."

"మరి గుర్తులేదన్నావేం బావా?"

"ఏం చెప్పమంటావే? నా మరదలు నట్టు మర్చిపోయిందని చెప్పనా? మీ అక్క మొహం నువ్వు మళ్ళీ చూడగలవా? నేనేం అబద్ధం చెప్పలేదు, గుర్తులేదన్నాను. మిగతాది వాళ్ళే రాసుకున్నారు."

"అతని పని పోయింది."

"డ్రైవర్‌కి ఇంకో బండి దొరుకుతుంది. నువ్వు పోతే నిన్నెక్కణ్ణుంచి తెచ్చుకోను?"

నాకోసమే చేశాడు. అది తెలుస్తూనే ఉంది. అయినా కోపం వచ్చింది. ఆ కోపం ఓ రెండు నిమిషాలు హాయిగా కూడా ఉంది, నేనొక్కదాన్నే కాదు ఈయన కూడా, అని. తర్వాత సిగ్గేసింది. ఇక్కడ రాసుకోకపోతే ఇది కూడా మర్చిపోతాను, అందుకని రాస్తున్నాను.

"అక్కకి రేపు చెబుతాను" అన్నాను.

"వద్దే" అన్నాడు. "ఈ ఇంట్లో ఒక్కళ్ళైనా నిద్రపోనీ."

జూన్ 28, శుక్రవారం

చెప్పాను.

అక్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "బీరువా జరపడానికి పిలిచాను కదూ నేను" అంది. నీ తప్పు కాదక్కా అన్నాను. ఆ మాట విననట్టే బీరువా వైపు చూసింది.

తర్వాత నా వైపు తిరిగింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"సైకిల్ తెచ్చిన రోజు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఇంటికి తెచ్చిన రోజు నుంచి ఆ వేళ్ళకి నూనె రాస్తున్నావు. పక్కన కూర్చుని ఒక్కొక్క వేలూ నిమిరావు. ఎలా రాశావే?"

చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

బావ లోపల నుంచి, "దాన్నేం అనకు" అన్నాడు. "మీరు మాట్లాడకండి. మీరసలే మాట్లాడకండి" అంది అక్క. ఆయనకి కూడా తెలుసన్న సంగతి నేను చెప్పలేదు. ఆయన గొంతు విని అక్కే పట్టేసింది.

వంటింట్లోకి వెళ్ళి కాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది. "రేపు స్టేషన్‌లో ఈ సంగతి చెప్పు. నేనూ వస్తాను. తిట్టింది నేను."

జూన్ 29, శనివారం

మొదట స్టేషన్. అక్కడి రైటరు అంతా విని, "ఇప్పుడు ఆ నట్టు ఎలా ఉంది?" అని అడిగాడు. బిగించేశానన్నాను. "ఇంకేముందమ్మా చూడటానికి" అని నవ్వాడు. అక్క తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టింది. నేను చెప్పింది రాసి నాతోనూ సంతకం పెట్టించారు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ ఇన్నాళ్ళు గడిపాను గానీ, తీరా ఒప్పుకున్నాక అక్కడెవరికీ పెద్దగా పట్టలేదు. పక్క బల్ల దగ్గర ఒకతను పోయిన కుక్క గురించి చెబుతున్నాడు. రైటరు అటు తిరిగాడు.

లాండ్రీ ఓనరు, "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ. కొత్తవాణ్ణి పెట్టుకుని చచ్చిపోతున్నాను" అన్నాడు. సోమవారం నుంచి రమ్మని కబురు చేస్తానన్నాడు. మేమే వెళ్ళి చెబుతామన్నాను.

అతని ఇల్లు లాండ్రీ వెనక సందులో ఉంది. రెండు గదులు. భార్య తలుపు తీసింది. అక్క లోపలికి వెళ్ళగానే, "బాబూ, నేను నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు వినలేదు గానీ తిట్టాను. నాకు తెలియక" అని ఏడ్చింది. అతను కంగారుపడి కుర్చీ జరిపి, "కూర్చోండమ్మా, కూర్చోండి" అన్నాడు.

నేను నిలబడే చెప్పాను. నట్టు దగ్గర్నుంచి మొత్తం.

అతని భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అతను నేల వైపు చూస్తూ విన్నాడు. అయిపోయాక ఒకటే అడిగాడు.

"దుకాణంలో నాకు కళ్ళు పరీక్ష చేసిన రోజు... అప్పటికే మీకు తెలుసాండీ?"

"తెలుసు."

తలూపాడు. అలా ఊపుతూనే ఉన్నాడు. "కళ్ళు బాగున్నాయని కాగితం తెచ్చాక మా ఆవిడతో అన్నానండీ. కళ్ళు బాగోలేకపోతే అదొక సాకు. ఇంత బాగున్న కళ్ళతో ఎదురుగా వచ్చే మనిషిని చూడలేదంటే నేనెలాంటివాణ్ణి అని. అప్పట్నుంచి అన్నం సహించలేదు."

"తప్పయిపోయింది. క్షమించండి" అన్నాను.

మాట్లాడింది అతని భార్య. "ఇక వెళ్ళండి. పెద్దావిడ ఏడుస్తున్నారు, జాగ్రత్తగా తీసుకెళ్ళండి."

దారి పొడుగునా అక్క నాకు రెండడుగుల ముందు నడిచింది.

జూలై 3, బుధవారం

అక్క మేడ మీదికి రావడం లేదు. నేను కిందికి వెళ్తే కంచం పెడుతుంది. అవసరమైన మాటలన్నీ మాట్లాడుతుంది. అవసరం లేనివి మానేసింది. మా ఇద్దరి మధ్య ఉండేవన్నీ అవసరం లేని మాటలేనని ఇప్పుడు తెలుస్తోంది.

జూలై 7, ఆదివారం

బావ సైకిల్‌కి కొత్త ఫోర్కు, కొత్త చక్రం వేశాను. రెండు బ్రేకులకీ కేబుళ్ళు, రబ్బర్లు మార్చాను. బావ మెట్లెక్కి వచ్చి, పిట్టగోడ మీద కూర్చుని చూశాడు. నేను ప్రతి నట్టూ బిగించి చేత్తో ముట్టుకుని చూపిస్తుంటే, "నాకెందుకే చూపిస్తావు, నాకేం తెలుసు" అన్నాడు. తర్వాత, "ఎవరికైనా ఇచ్చెయ్. ఈ చేత్తో ఇక హ్యాండిల్ పట్టలేను" అన్నాడు.

దుకాణంలో ఆయన్ని కొలతలు తీసే పనిలో పెడతామన్నారట. కత్తెర ఇంకొకరు పడతారు. "ఆ కుర్రమాస్టరు నా దగ్గరే నేర్చుకున్నాడు. బానే కోస్తాడు. చంక దగ్గర కాస్త తొందరపడతాడు, అంతే" అన్నాడు.

కాసేపు కూర్చుని దిగిపోయాడు. పానా అని పిలవలేదు. కావాలని మానలేదు, నోటికి రాలేదంతే అనుకుంటాను.

జూలై 15, సోమవారం

ఇవాళ దుకాణానికి నడిచి వెళ్ళాను, పల్లం దారిన. వ్యాను మళ్ళీ అతనే నడుపుతున్నాడని విన్నాను గానీ చూడలేదు. చూడాలనిపించింది. చూస్తే నాకు కాస్త బాగుంటుందనుకున్నాను, ఆ మాట దాచడమెందుకు.

వ్యాను గేటు లోపల ఆగి ఉంది. అతను తలుపు తెరుచుకుని దిగాడు. రోడ్డు మీదికి నడిచి వచ్చి పైకి చూశాడు, కిందికి చూశాడు. వెనక్కి వెళ్ళి ఎక్కాడు. అంతలో పై నుంచి ఒక సైకిల్ దిగింది. అది వెళ్ళిపోయాక మళ్ళీ దిగి వచ్చి, మళ్ళీ రెండు వైపులా చూసి, మళ్ళీ ఎక్కాడు. ఇంజను మోత పెరిగి మళ్ళీ తగ్గిపోయింది. మళ్ళీ దిగాడు. వెనక ఇంకో బండివాడు హారన్ మోగిస్తున్నాడు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని నాతో, "రోజూ ఇదే తంతు. మునుపిలా ఉండేవాడు కాదు" అన్నాడు.

అతను నన్ను చూశాడు. చూసి, ఎక్కి కూర్చున్నాడు.

నేను రోడ్డు మధ్యకి వెళ్ళాను. పైకి చూశాను, కిందికి చూశాను. పిట్ట కూడా లేదు. ఇటు తిరిగి, రమ్మని చెయ్యి ఊపాను.

రాలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, నా మీదుగా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంకోసారి ఊపాను. కదల్లేదు.

నేను పక్కకి తప్పుకున్నాను. అప్పుడు తలుపు తీసుకుని దిగి, నన్ను దాటుకుని రోడ్డు దాకా వచ్చి, రెండు వైపులా తనే చూసుకుని, వెళ్ళి బండి తీశాడు.